ఎర్రబడిన మంచు

పోయిన వారం బట్టీ మూత పడిన చోట ఆగాం. ధర్మవరంలో మూతబడిన అద్దకం షెడ్డులో జమీల్ నడిపే సాయంత్రం క్లాసుకు ఎనిమిది మంది వస్తున్నారు. గాజు ముక్కలు పేర్చి, కరిగించి, అతికించి బొమ్మలు చేయడం నేర్చుకుంటున్నారు. చలికాలం మీద తలా ఒక పలక చేయమన్నాడు జమీల్. షావుకారు రంగన్న కోడలు సునంద, మామగారి బీరువాలో దొరికిన జరీ రీలు తెచ్చి అందులోని పోగులు తన పలకలో పొదిగింది. ఆ రీలు మీది పచ్చ చీటీ ఏమిటో అదే క్లాసులో ఉన్న హేమావతి గుర్తుపట్టింది. పన్నెండేళ్ల కిందట అసలు జరీ దొంగిలించి నకిలీది నేశాడని పేరుపడి మగ్గం పోగొట్టుకున్న గంగాధరప్ప ఆమె తండ్రి. ఆ సంగతి సునందకు తెలియదు. నిన్న సాయంత్రం పలకలన్నీ బట్టీలోకి వెళ్లాయి.

*

హేమావతి ఇవాళ తాను పనిచేసే జెరాక్స్ షాపు నుంచి అరగంట ముందే బయటపడింది. అందరికంటే ముందు తానే చేరాలని గబగబా నడిచింది. తీరా చూస్తే తిప్పమ్మ అప్పటికే వచ్చి, బట్టీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని జమీల్‌తో ఏదో మాట్లాడుతోంది.

"ఒగ పలక బాగ రాలేదనుకో, మళ్లా కాల్చి దాన్ని మార్చేదానికి అయితాదా?"

"యా పలక అక్కా?"

"ఏదో ఒగటి లేప్పా. ఊరికే అడిగితి." అంతలో గుమ్మంలో హేమావతిని చూసి ఉలిక్కిపడింది. "ఏమ్మే, నువ్వు గూడా అప్పుడే వచ్చేస్తివా?"

"చలి మొదులైంది గదత్తా. బిరిన చీకటి పడతాదని వచ్చేస్తి."

తిప్పమ్మ ముప్పై ఏళ్లు షావుకార్ల దగ్గర పని చేసిన మనిషి. వాళ్లిచ్చిన పట్టు, జరీ రీళ్లు నేతగాళ్ల ఇళ్లకు మోసుకొచ్చి, ఆ ఇంటి వసారాలోనే రాట్నం వేసుకుని కండెలు చుట్టేది. హేమావతి చిన్నప్పుడు తమ వసారాలో ఆ రాట్నం పక్కనే ఆడుకుంది. ఇప్పుడు తిప్పమ్మ మోకాళ్లు అరిగిపోయి రాట్నం ముందు కూర్చోలేకపోతోంది. చేతులు ఊరికే ఉంటే పిచ్చెక్కుతుందని ఈ క్లాసులో చేరింది. "జరీ పోగు వేలి మీద ఆనిస్తే చాలు, కండ్లు మూసుకుని చెప్తా యా షావుకారు ఇంటిదో" అని మొదటి రోజే అందరికీ గొప్పలు చెప్పింది. హేమావతి ఎవరి కూతురో ఈ షెడ్డులో తెలిసింది ఆమె ఒక్కదానికే. తెలిసి కూడా ఎవరి దగ్గరా నోరు జారలేదు. ఆ మంచితనం తలుచుకుంటే హేమావతికి గొంతు దగ్గర వెచ్చగా ఉంటుంది.

"వేడి ఎంత ఉండాదన్నా?"

జమీల్ బట్టీ మీటరు వైపు వంగి చూశాడు. "యాభై ఆరు. నలభైకి దిగితే గాని మూత తియ్యను. తొందర పడితే పలక పగులుతాది."

ఆ బట్టీ పెద్దదేం కాదు, మేకలకు నీళ్లు పెట్టే తొట్టంత ఉంటుంది. జమీల్ నాయన గాజుల మలారం భుజాన వేసుకుని పామిడి దాకా ఊరూరా తిరిగి అమ్మినవాడు. కొడుకు బెంగళూరులో గాజు బొమ్మలు చేసేచోట పదేళ్లు పని చేసి, ఆ పాత బట్టీని లారీలో వేసుకుని తిరిగొచ్చాడు.

హేమావతి కిటికీ పక్కన కూర్చుంది. ఈ షెడ్డులో ఆమెకు అన్నిటికంటే ఇష్టమైనవి గోడలు. ఎన్నో ఏళ్లు ఇక్కడ పట్టుకు రంగు వేశారు. కాగే తొట్లలోంచి చిందిన రంగు గోడల మీద పొర మీద పొరగా ఎండిపోయింది. కింద వంకాయ రంగు, దాని మీద రాణి రంగు, పైన ఎక్కడో నెమలికంఠం. సాయంత్రపుటెండ పెంకుల సందుల్లోంచి దిగి ఆ గోడను తాకితే, ఇంకా ఎవరూ నేయని చీర ఒకటి గాలిలో వేలాడుతున్నట్టు ఉంటుంది. ఆ వెలుగు రెండు మూడు నిమిషాలకు మించి నిలవదు. అంతసేపూ ఆమె ఊపిరి కూడా నెమ్మదిగా తీస్తుంది.

ఇవాళ మాత్రం ఆ వెలుగు ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో ఆమెకు తెలియలేదు.

*

క్లాసు మొదలైన రోజు జమీల్ ఒక బొమ్మ చూపించాడు. తెల్లటి కొండ, కొండ మీద కోసుగా నిలబడిన చెట్లు, చెట్ల మీద తెల్లటి పొడి.

తిప్పమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది ఏం చెట్టప్పా, కోడీకలు తలకిందులు గుచ్చినట్టుండాది?"

"దేవదారు అక్కా."

"దాని మీద చల్లిండేది?"

"మంచు."

"నాకు బొంబాయి రవ్వ మాదిరి కనపడతాండాది. ఎట్లా చేస్తాండాం గాబట్టి తినేదానికి పనికొచ్చేదే చేస్తే పోలేదా?"

అందరూ నవ్వారు. జమీల్ కూడా నవ్వి, బొమ్మను బోర్లించి బల్ల మీద పెట్టేశాడు. "సరే, ఇది వద్దు. మీకు తెలిసిన చలికాలమే చేయండి. ఎవురికి యాడ చలేసిందో అది చేయండి."

ఆ మాట హేమావతికి బాగా నచ్చింది. చలి ఎక్కడ వేసిందో గుర్తు తెచ్చుకోవడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది. చిన్నప్పుడు అవ్వ వాళ్ల ఊర్లో, తెల్లవారుజామున కంది చేను గట్టు మీద నిలబడినప్పటి చలి అది. వేరుశనగ ఎప్పుడో పీకేశారు. కంది ఒక్కటే నిలబడి ఉంది, పసుపు పూలతో. సాలు సాలుకూ మధ్య సాలెపురుగులు గూళ్లు అల్లాయి. రాత్రి కురిసిన మంచు ఆ దారాల మీద బొట్లుబొట్లుగా నిలిచింది. సూర్యుడు వచ్చేలోపల ఆ చేనంతా ఎవరో వెండితో నేసి, ఎండ తగలగానే విప్పేసినట్టు మాయమైంది. వానకు ముఖం వాచిన నేలలో ఆ నాలుగు బొట్లే అంత అందంగా ఉంటాయని అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు.

గాజు పలక మీద పచ్చ గాజు రవ్వను కంది మొక్కలుగా చల్లింది. టీ వడపోసే జల్లెడతో తెల్ల గాజు పిండి జల్లి పొగమంచు చేసింది. సాలెగూడు దేనితో చేయాలా అని ఆలోచిస్తుంటే అవ్వ పెండ్లి చీర గుర్తొచ్చింది. చిరిగి ముక్కలైన ఆ పాత చీర అంచులోంచి నాలుగు జరీ పోగులు లాగి, జిగురు చుక్కలతో గూడులా పరిచి, పైన ఇంకో గాజు పలక కప్పింది. కాలితే జరీ ఏమవుతుందో జమీల్‌కు కూడా సరిగ్గా తెలియదు. "వెండి కరగదు, నిలుస్తాది అనుకుంటా. చూద్దాం" అన్నాడు. గాజులో జరీ పెట్టాలనే ఆలోచన ధర్మవరంలో తప్ప ఇంకెక్కడ పుడుతుంది!

ఆమెను చూసే సునంద కూడా జరీ తెచ్చింది. ఈ క్లాసులో మంచుకొండ కళ్లారా చూసింది సునంద ఒక్కతే. పెళ్లయిన కొత్తలో మనాలి పోయిందట. "మంచు మీద ఎండ పడితే తెల్లగా ఉండదు హేమా. బంగారు పొడి చల్లినట్టు ఉంటాది. నువ్వు నమ్మవు" అంటూ రీలు బల్ల మీద పెట్టింది.

పచ్చ చీటీ. దాని మీద పురి విప్పిన నెమలి. నెమలి మెడ మీద వంకాయ రంగు సిరాతో చిన్న ఇంటూ గుర్తు.

హేమావతి ఆ గుర్తును అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. విన్నది. మగ్గం పోయిన ఏడాది నాయనకు విషజ్వరం వచ్చినప్పుడు మూడు రోజులు ఆయన కలవరించిన మాటలు అవే. పచ్చ చీటీ, నెమిలి మెడ, ఇంటూ గుర్తు. పన్నెండేళ్ల పిల్ల, తడి గుడ్డ నుదుటి మీద వేస్తూ విన్నది. ఆ తరువాత నోటుపుస్తకం వెనక పేజీలో ఎన్ని నెమళ్లు గీసిందో లెక్కలేదు. అన్నిటికీ మెడ మీద ఇంటూ గుర్తే.

"చూడండప్పా, సీలు గూడా ఇప్పలేదు!" అని సునంద నిన్న గర్వంగా చూపించింది. "దసరాకు బూజు దులపతాంటే బీరువా కింద అరలో దొరికింది, డబ్బా నిండా. మా మామ తాళం వేసి పెట్టిండాడంటే ఎంత అసలుదో ఆలోచించండి." చీటీ గోరుకు రాకపోతే పళ్లతో చింపింది. చిరిగిన చీటీ కింద పడింది. హేమావతి వంగి దాన్ని తీసి పర్సులో పెట్టుకుంది. ఎవరూ చూడలేదు.

నిన్నటి నుంచి ఆమెకు ఒకటే ఆలోచన. అదే గుర్తుతో, సీలు విప్పకుండా ఉన్న ఆ రీల్లోని జరీ నకిలీదైతే, నాయనకు షావుకారు ఇచ్చినదే నకిలీ. నాయన దొంగ కాదు. అసలు వెండిదైతే?

ఇంట్లో మగ్గం గుంత ఇంకా అలాగే ఉంది, మీద చెక్క పలక వేసి. దాని పక్కనే చాప వేసుకుని పడుకుంటుంది ఆమె. నాయన ఇప్పుడు వేరేవాళ్ల మగ్గాల మీద తెగిన పోగులు అతికే పనికి పోతాడు. షావుకార్ల వీధి దాటేటప్పుడు తల వంచుకుని, అటు వైపు గోడకు ఆనుకుని నడుస్తాడు. "నేను మార్చలేదు" అని ఒక్కసారి అన్నాడు, అప్పుడెప్పుడో. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆమె కూడా అడగలేదు. అడగకపోవడం నమ్మకమో, భయమో ఆమెకే తెలియదు. పన్నెండేళ్లలో ఒక్కసారైనా, ఒక్క క్షణమైనా, నాయన నిజంగా మార్చి ఉంటాడా అనుకోలేదని దేవుడి ముందు ప్రమాణం చేయడం ఆమె వల్ల కాదు.

*

ఆరు గంటలకు అందరూ చేరారు. సునంద న్యూస్ పేపర్లో వేడి వేడి మిరపకాయ బజ్జీలు పట్టుకుని, చలికి ముక్కు ఎర్రబడి వచ్చింది. "తినండప్పా, నా మంచు చూసినాక మీకు నోట మాట రాదు. తిండి గూడా దిగదు" అంది. ఒక బజ్జీ తీసి హేమావతి నోటి దగ్గర పెట్టింది. హేమావతి కొరికింది గాని కారం కూడా తెలియలేదు.

జమీల్ మూత ఎత్తాడు.

లోపల నుంచి గోరువెచ్చని గాలి వచ్చింది, పసిబిడ్డ ఊపిరిలా. ఎనిమిది పలకలు వేడికి తట్టుకునే తెల్లటి కాగితం మీద నిద్రపోతున్నట్టున్నాయి. ఒక్కొక్కటీ తీసి, వెనక అంటిన బూడిద బకెట్టు నీళ్లలో కడిగి, ట్యూబులైటు కింద తెల్లగుడ్డ మీద పెట్టాడు.

మొదట తిప్పమ్మది. నల్లటి కంబళి, మధ్యలో ఒక చిల్లు, చిల్లులోంచి కనపడే ఒక నక్షత్రం. "మా యమ్మ కంబళి ఇది. ఈ చిల్లులోంచే చలి వచ్చేది, ఈ చిల్లులోంచే చుక్కలు చూసేవోళ్లం" అంటుందనుకున్నారు అందరూ. ముందు నుంచీ అదే చెబుతోంది మరి. కానీ ఆమె పలకను ఒళ్లో పెట్టుకుని బట్టీ వైపే చూస్తోంది.

నాలుగోది హేమావతిది. కంది మొక్కలు కరిగి ఒకదానిలోకి ఒకటి ఒరిగాయి, మంచులో దూరంగా కనపడే చేనులా. అవ్వ చీర పోగులు వెండిలా నిలిచి ఉన్నాయి. ఒక్కొక్క పోగు చుట్టూ సన్నగా తేనె రంగు వ్యాపించింది. పోగుల లోపలి పట్టు కాలిపోయి, ఆ దారి పొడవునా గాలి బుడగలు నిలిచాయి. సాలెగూడు మీద నిలిచిన మంచు బొట్లు అవే. ఆమె వాటిని చేయలేదు. వాటంతట అవే వచ్చాయి.

"యా అల్లా," అన్నాడు జమీల్ నెమ్మదిగా. "నేను పదేండ్లలో ఇట్లాంటిది చేయలేదు."

అయిదోది తీసి కడిగి పెట్టాడు. సునంద ముందుకు వంగింది.

"ఇది నాది కాదన్నా. నా మంచు యాడ?"

"నీదేనమ్మా. ఎనక నీ పేరు ఉండాది చూడు."

తెల్లటి కొండలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ కొండల మీద ఎండ మెరుపు కోసం పరిచిన పోగులు మాత్రం ఎర్రగా, నడుమ నడుమ నల్లగా మాడి, చుట్టూ ఉన్న తెలుపులోకి పాకాయి. ఎక్కడో మనాలి మంచు మీద ఎవరో గుప్పెళ్లతో అనంతపురం మట్టి చల్లినట్టుంది. చాలా అందంగా ఉంది. హేమావతి మనసుకు మొదట తట్టింది అదే, అందంగా ఉందని. ఆ తరువాతే ఆమె చేయి పర్సులోని చీటీని తడుముకుంది.

"నీ బట్టీ చెడిపోయినట్టుండాదన్నా," అంది సునంద.

"ఒగటే బట్టీ, ఒగటే వేడి. హేమది దీని పక్కనే ఉండె గదా."

"గాజుల ముక్కలేమన్నా కలిసిండాయేమో జమీలూ," అంది తిప్పమ్మ తొందరగా. "మీ ఇంట్లో యాడ పడితే ఆడ ఉంటాయి గదా."

"గాజుల ముక్క కలిస్తే పలక పగులుతాదక్కా, ఎర్రగ కాదు. మా నాయన గాజులు పెట్టి నేను ఎన్ని పలకలు పగలగొట్టుకున్యానో నాకు తెలుసు."

"మరి జరీ ఎట్ల ఎర్రగైతాది?" అంది సునంద.

జమీల్ గడ్డం గోక్కున్నాడు. "తిప్పమ్మక్కను అడుగమ్మా. ముప్పై ఏండ్లు జరీ చుట్టిండాది."

"నాకేం తెలుసు?" అంది తిప్పమ్మ. "నేను పట్టు చుట్టేదాన్ని."

హేమావతి తల తిప్పి ఆమె వైపు చూసింది. తిప్పమ్మ కొంగుతో పలకను తుడుస్తోంది, తుడిచిన చోటే మళ్లీ మళ్లీ.

జమీల్ రెండు పలకలనూ పక్కపక్కన జరిపాడు. "గాజుతో కలిసి వెండి కాలితే ఇట్ల తేనె రంగు ఇడుస్తాది. రాగి కాలితే ఇట్ల ఎర్రగైతాది. నీ జరీ రాగిదమ్మా. పైన పూత, లోపల రాగి."

సునంద ముఖంలో నవ్వు పూర్తిగా పోయింది. కాసేపు ఎర్ర పోగులనే చూసింది. తరువాత పళ్లు బిగించి అంది:

"అయితే ఇది గూడా వాని పనే."

"ఎవుని పని?" అడిగాడు జమీల్.

"గంగాధరప్ప అని ఒగడు ఉండెలే. నా పెండ్లి చీర నేసినోడు. పెండ్లయిన మూడో దినం, చిలమత్తూరు నుంచి వచ్చిండే మా మేనమామ అంచు గోరుతో గీకినాడు. నగల పని చేసే మనిషి ఆయన. అందరి ముందర, ఇది వెండి కాదు రాగి అన్యాడు. మా పుట్టినింటోళ్ల ముందర నాకు తలెత్తుకునేదానికి లేకుండా పోయింది. మా మామ ఇచ్చింది అసలు జరీనంట, వాడు దాన్ని అమ్ముకుని నకిలీది నేసినాడంట. పోనీలే పాపం అని మగ్గం ఒగటి తీస్కుని ఇడిసిపెట్టినాడు మా మామ. ఇప్పుడు చూడు, ఈ రీళ్లు గూడా మార్చి పెట్టి పోయిండాడు, దొంగ నా..."

"సునందక్కా."

హేమావతి గొంతు పెద్దది కాదు. క్లాసులో ఆమె మాట వినాలంటే పక్కవాళ్లు వంగాలి. ఇప్పుడు మాత్రం అందరికీ వినిపించింది.

"ఆ రీలు సీలు ఇప్పింది ఎవురక్కా?"

"నేనే. నిన్న, ఈ బల్ల మీదనే."

"అంతకు ముందు ఇప్పింటారా ఎవరన్నా?"

"లేదే. గోరుకు రాకుంటే పండ్లతో చింపితి గదా. నువ్వు గూడా చూస్తివి."

"మరి లోపల జరీ మార్చింది ఎవురు?"

బజ్జీల కాగితం చలిగాలికి బల్ల మీద కొంచెం కదిలింది. హేమావతి పర్సు తీసి, చిరిగిన పచ్చ చీటీని ఎర్ర మంచు పక్కన పెట్టింది. వేలితో మడతలు సాపు చేసింది.

"పన్నెండేండ్ల కిందట ఇదే చీటీ మా ఇంటికి గూడా వచ్చింది. ఇదే నెమిలి. ఇదే ఇంటూ గుర్తు."

"మీ ఇంటికి ఎందుకు వస్తాది?"

"గంగాధరప్ప మా నాయన."

సునంద మెల్లగా స్టూలు మీద కూర్చుంది. "తెల్సీ నాతో చేరితివా హేమా?"

"నేను చేరలేదక్కా. మొదటి దినం నువ్వే వచ్చి నా పక్కన కూచున్యావు."

"మరి మీ నాయన పేరు చెప్పలేదే?"

"చెప్పింటే కూచునేదానివా?"

సునంద ఉన్నట్టుండి లేచి తన పలకను పట్టుకుంది. "ఇది నాది. ఇంటికి తీస్కపోతా. ఎవురూ దీన్ని ఫోటో గీటో తీయొద్దండి, మా ఇంటి పరువు ఇది." హేమావతి చేయి తనకు తెలియకుండానే రెండో అంచు మీద పడింది. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని నిలబడ్డారు.

"చేతులు!" అరిచాడు జమీల్. "అంచు ఇంగా రుద్దలేదు, కోసేస్తాది!"

హేమావతి సునంద కళ్లలోకి చూసింది. ఆ కళ్లలో కోపం లేదు. పెళ్లయిన మూడో రోజు అందరి ముందు చీర చెంగు పట్టుకుని నిలబడిన అమ్మాయి ఉంది అక్కడ. ఆ అమ్మాయి గురించి తాను ఇన్నేళ్లూ ఒక్కసారి కూడా ఆలోచించలేదని హేమావతికి అప్పుడు తట్టింది. ఆమె చేయి తీసేసింది.

"నీ పలక నీదేనక్కా. తీస్కపో. పగలగొట్టుకో. నాకు అది వద్దు. ఒగ మాట చాలు. మా నాయన ముందర నిలబడి, నువ్వు దొంగవి కాదు అని ఒగ్గసారి చెప్పు. మీ ఇంటి నోటి నుంచి ఆ మాట ఒగ్గసారి వింటే ఆయన నడివీధిలో నడస్తాడు."

సునంద పలకను గుండెలకు ఆనించుకుంది. వాళ్ల ఇంట్లో రంగన్న మాటకు ఎదురు లేదని ధర్మవరం అంతటికీ తెలుసు.

"చెప్తా," అంది చివరికి. "ఏమైతే కానీ. నేనే చెప్తా."

*

గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది.

సన్నగా, కొంచెం వంగిన మనిషి చేతిలో మడత పెట్టిన కంబళితో నిలబడి ఉన్నాడు. కుందుర్పి సంతలో కొన్న పాత కంబళి అది. మగ్గం ఉన్న గదిలోకి చెప్పులతో పోని అలవాటు ఆయనకు ఇంకా పోలేదు. ఇది మగ్గం గది కాకపోయినా కాళ్లు వాటంతటవే చెప్పులు విడిచాయి.

"చలి ఎక్కువైంది, నువ్వు శాలువా మర్సిపోయినావని..." అని, లోపల అంతమంది నిశ్శబ్దంగా తనవైపే చూడడం చూసి ఆగిపోయాడు గంగాధరప్ప.

సునందే ముందుకు నడిచింది. నాలుగు అడుగులు. ఆమె రంగన్న కోడలని ఆయనకు తెలుసు. చూడగానే అలవాటుగా పక్కకు జరిగి గోడకు ఆనుకున్నాడు, ఆమె దాటి పోతుందనుకుని.

"నేను పోయేదానికి కాదప్పా," అంది సునంద. "నువ్వు జరీ మార్చలేదు. మా ఇంట్లో సీలు ఇప్పని రీల్లోనే రాగి ఉండాది. నువ్వు దొంగవి కాదు. ఇన్నేండ్లు మేము తప్పు మాట్లాడినాం."

హేమావతి నాయన ముఖంలోకి చూసింది. ఏడుస్తాడనుకుంది. లేదా నవ్వుతాడనుకుంది. ఆయన కంబళిని కూతురి భుజాల మీద కప్పి, సునంద చేతిలోని పలకను అడిగి తీసుకున్నాడు. ముందు దాన్ని చూడలేదు. బొటనవేలితో నిమిరాడు. తరువాత చీర అంచు చూసినట్టు, లైటుకు అడ్డంగా పట్టి, కొంచెం వాల్చి, ఎర్ర పోగుల వెంట చూపు నడిపాడు.

"తెలుసమ్మా," అన్నాడు.

"ఏం తెలుసు నాయనా?"

"రాగి అని. నేసేటప్పుడే తెలుసు. మగ్గం మీద నాడె మొదటిసారి ఇసిరినప్పుడే చేతికి తెలిసిపోయింది. రాగి బరువు వేరే ఉంటాది."

హేమావతికి భుజాల మీద కంబళి ఉండగానే చలి వేసింది. "తెలిసీ నేస్తివా? తెలిసీ దొంగ అనిపించుకుంటివా?"

ఆయన కూతురి వైపు చూడలేదు. పలకను జాగ్రత్తగా సునంద చేతుల్లో పెట్టి, బట్టీ పక్కన ముక్కాలిపీట వైపు తిరిగాడు.

"తిప్పమ్మక్కా. ఇంగ చాలు. పన్నెండేండ్లాయె. నువ్వు చెప్తావా, నేను చెప్పేదా?"

తిప్పమ్మ మోకాలి మీద చేయి ఆనించి లేచింది. ఒళ్లోని కంబళి పలక జారి నేల మీద పడి రెండు ముక్కలైంది. ఆమె దాని వైపు చూడనైనా లేదు.

"వద్దు గంగప్పా," అంది. ఆ గొంతు ఎప్పుడూ నవ్వించే తిప్పమ్మది కాదు. "నీ కాళ్లు పట్టుకుంటా. ఈ పిల్ల ముందర మాత్రం వద్దు."

అయితే ఆ మాట అంటున్నప్పుడు ఆమె చూపు హేమావతి మీద లేదు. ఎర్రబడిన మంచును రెండు చేతులతో పట్టుకుని నిలబడిన సునంద మీద ఉంది.

(మిగతాది వచ్చే వారం)